దేవకుమార్ ఫోటోల బరువు

దేవకుమార్‌కి ఏ ఫోటో చూపించినా అందులో ఎవరున్నారో ముందు కనబడదు. అది ఎంత బరువో కనబడుతుంది. బరువంటే తక్కెట్లో వేసి తూచేది కాదు. ఫోన్‌లో ఫోటో తీస్తే అది కొంత చోటు తింటుంది చూడండి, ఎంబీలనీ కేబీలనీ, ఆ బరువు. నాలుగు ఎంబీల ఫోటో చేతికొస్తే దాన్ని నలభై కేబీలకు దించేదాకా ఆ మనిషికి అన్నం సయించదు. అమెరికాలో ఈ బాతెల్ ఊళ్లో మన తెలుగు చర్చి వెబ్‌సైట్ పదకొండేళ్లుగా నడిపింది ఆయనే. జీతం లేదు, సన్మానం లేదు. తిట్లు మాత్రం వారం వారం అందేవి.

ఆయన్ని కట్టుకున్నందుకు పర్సిస్ పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. నేపర్‌విల్‌లో ఆమె చెల్లెలికి ఆడపిల్ల పుట్టి, ఫోటో పంపారు. ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని వీడియో కాల్‌లో రెండు కుటుంబాలూ వాదించుకుంటుంటే ఈయన కళ్లజోడు పైకి తోసుకుని, "నాలుగున్నర ఉంది. పసిదానికి ఇంతెందుకు, తగ్గించేద్దాం" అన్నాడు. తగ్గించేది ఫోటోనే గాని పిల్లను కాదని ఆ చెల్లెలి అత్తగారికి నచ్చచెప్పేసరికి పర్సిస్‌కి గంట పట్టింది. ఆవిడ ఇప్పటికీ నమ్మినట్టు లేదు.

ఇక జ్ఞానప్రసూన గారి సంగతి. సంఘంలో పెద్దావిడ. వయసు డెబ్బై అయిదు, నోరు మాత్రం పాతికేళ్లది. పుట్టినరోజుకి కంచిపట్టు చీర కట్టి, మెట్ల మీద నిలబడి ఫోటో తీయించుకుంది. దేవకుమార్ చేతిలో పడ్డాక ఆ జరీ అంచు ఎటు పోయిందో, మెట్లు ఎటు పోయాయో. ఆవిడ పర్సిస్‌ని పట్టుకుని, "ఇది నేనా, గోడ మీద చెమ్మ మరకా? మీ ఆయనకు నా మీద ఏం కోపమమ్మా?" అని నలుగురిలో అడిగేసింది. పర్సిస్ తల దించుకుంది. ఇంటికి వెళ్లి తల ఎత్తింది, మొగుడి మీద.

పేజీ బాగుందో లేదో చూసుకోవడానికి ఆయన పద్ధతి ఇంకా విడ్డూరం. అద్దం పగిలిన పాత ఫోన్ ఒకటి దాచుకున్నాడు. మన ఇండియన్ షాపు కింద, సిగ్నల్ చచ్చిపోయే పార్కింగ్‌లో కారు ఆపి, ఊపిరి బిగపట్టి వెబ్‌సైట్ నొక్కుతాడు. ఊపిరి వదిలేలోగా పేజీ తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ఇంకో ఫోటోకి మూడిందన్నమాట. ఒకసారి ఎర్రబడ్డ మొహంతో గుడ్లు తేలేసి కూర్చున్న ఈయన్ని చూసి ఒక అమెరికా ఆవిడ గుండెపోటనుకుని కారు అద్దం బాదింది. సామాన్లతో పైనుంచి దిగి వచ్చిన పర్సిస్, ఆవిడకు ఏమీ లేదని సర్దిచెప్పి పంపించి, "ఏమండీ, ఇక్కడ పెరుగు పులిసిపోతోంది. మీరు పోయేది ఉంటే ఇంటికెళ్లాక పోదురుగాని" అంది.

ఇట్లా ఉండగా జెరెమీ వచ్చాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు, ఆఫీసులో వెబ్‌సైట్లు గీయడమే పని. చర్చికి కొత్తది చేసిపెట్టాడు. తెరిస్తే చాలు, గోడంత ఫోటో, వెనకాల కదిలే మేఘాలు, క్వాయర్ పాట. జ్ఞానప్రసూన గారి జరీ అంచులో పోగులు లెక్కపెట్టుకోవచ్చు. జనం మురిసిపోయారు. రెండు వారాలు పెట్టి చూద్దాం, మూడో ఆదివారం చేతులెత్తి తేల్చేద్దాం, సరేనంటే పాతది తీసి పారేద్దాం అని కమిటీ చెప్పేసింది.

దేవకుమార్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇచ్చేశాడు. పాత ఫోన్ తీసుకుని పార్కింగ్‌కి మాత్రం వెళ్లాడు. మూడుసార్లు ఊపిరి అయిపోయింది, మేఘాలు రాలేదు. జెరెమీ దగ్గరికి వెళ్లి ఫోటోలు కాస్త తగ్గించమని బతిమాలాడు.

"అంకుల్, ఇక్కడ అందరికీ హై స్పీడ్ ఉంది. స్లో నెట్ ఎవరికి అంకుల్?"

దేవకుమార్ "సరే బాబూ" అని వచ్చేశాడు. పర్సిస్‌కి అది వింతగా తోచింది. ఆ రెండు వారాలూ ఆయన పప్పులో ఉప్పు లేకపోయినా తినేశాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఆమెకు ఆయన మీద జాలేసింది. అడిగితే చెప్పడు. "ఒకరికి మాటిచ్చాను, పర్సీ" అని గోడవైపు తిరిగి పడుకుంటాడు.

మూడో ఆదివారం ఆరాధన అయ్యింది. కొత్తదానికి చేతులెత్తమన్నారు. సగం పైకి లేచాయి కూడా. అప్పుడు వెనక వరసలో ఫెబీ లేచి నిలబడింది. పాపయ్య భార్య. నాలుగేళ్లుగా వందనాలు తప్ప ఆ పిల్ల నోట ఇంకో మాట ఎవరూ వినలేదు. పాపయ్య అలాస్కా వైపు సముద్రంలో పెద్ద ఓడ మీద ఇంజినీరని, ఆర్నెల్లకోసారి వస్తాడని అందరికీ తెలుసు.

"మా ఆయన ఇంజినీరు కాదండీ" అంది ఫెబీ. "ఓడలో చేపలు కోస్తారు. నలుగురిలో చిన్నతనమని అట్లా చెప్పుకున్నారు. నిజం దేవకుమార్ అన్నయ్యకి ఒక్కరికే తెలుసు."

ఫెబీ ఆగకుండా చెప్పుకుపోయింది. ఓడలో నెట్ వంతులవారీగా ఇస్తారట, మనిషికి రోజుకి పది నిమిషాలు. మొదట్లో చర్చి పేజీ తెరుచుకునేసరికే ఆ పదీ అయిపోయేవట. సంగతి చెవిన పడ్డనాటినుంచి దేవకుమార్ ఫోటోలు మరీ పీల్చెయ్యడం మొదలుపెట్టాడు. అర నిమిషంలో పేజీ తెరుచుకునేది. అందరి మొహాలూ చూసుకుని, బైబిల్ వాక్యం చదువుకుని, మిగతాదంతా పాపయ్య పెళ్లాంతో మాట్లాడుకునేవాడు. ఈ రెండు వారాలుగా తెర మీద చక్రం తిరగడమే.

"మన చర్చి మూసేశారా అని అడుగుతున్నారండీ" అంది ఫెబీ.

లేచిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. అందరికంటే ముందు జ్ఞానప్రసూన గారికి మాట వచ్చింది. "చేపల పనికి చిన్నతనమేంటమ్మా? యేసయ్య వెంట తిరిగిన పేతురు గారు చేపలు పట్టారా, కంప్యూటర్లు చేశారా?"

జెరెమీ చెవులదాకా ఎర్రబడి, లాప్‌టాప్ తెరిచి, అక్కడికక్కడే పాత వెబ్‌సైట్‌ని మళ్లీ పెట్టేశాడు. పర్సిస్ మొగుడివైపు చూసింది. మొదట తిడదామనుకుంది. నాలుగేళ్లు పక్కన పడుకుని ఒక్క ముక్క చెప్పలేదు మరి. తర్వాత చెయ్యి పట్టుకుంది. కాస్త గట్టిగానే పట్టుకుందనుకోండి.

కాఫీలు పోస్తుండగా ఫెబీ ఫోన్ మోగింది. ఓడలో పాపయ్య వంతు వచ్చినట్టుంది. "చర్చి తెరిచారే" అన్న గొంతు స్పీకర్‌లో హాలంతా వినబడింది. ఇంకేం, అందరూ చుట్టూ మూగారు. పాస్టర్ అయ్యగారు ఉప్పొంగిపోయి ఫోన్ చేతిలోకి తీసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఓడను, సముద్రాన్ని, ఓడ యజమానిని, చేపలను, అలాస్కా గవర్నరును పేరుపేరునా దీవిస్తున్నారు. రెండు నిమిషాలయింది. మూడు. ఫెబీ తల వంచుకునే ఉంది గాని, కళ్లు మాత్రం ఫోన్ మీదే ఉన్నాయి.

పుట్టి బుద్ధెరిగి అయ్యగారి మాటకు అడ్డం రాని దేవకుమార్ వాచీ చూసుకున్నాడు. అయ్యగారు ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగారు. ఆ సందులో దేవకుమార్ గట్టిగా, భక్తిగా "ఆమేన్" అన్నాడు.

హాలంతా "ఆమేన్" అంది. అందరికంటే గట్టిగా పర్సిస్ అంది. అయ్యగారు కళ్లు తెరిచి ఏం చేయాలో తోచక ఫోన్ ఫెబీ చేతిలో పెట్టారు. ఇంకా ఆరు నిమిషాలున్నాయి. ఫెబీ కొంగు సర్దుకుని, నవ్వు దాచుకుంటూ బయటికి పరిగెత్తింది.