మూడు వరసల ఉయ్యాలబల్ల

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజుల్లో ఉప్పలగుప్తానికి ఒకడే వడ్రంగి, కాళాచారి. నాగలి విరిగినా, పెళ్ళికి పీటలు కావాలన్నా ఆయన బాడిసే ఆడాలి. అందుకు కోతల్లో ప్రతి కళ్ళం దగ్గరా ఆయనకి మేర కొలిచేవారు. తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ వడ్లతోనే. మాట తక్కువ మనిషి. చిత్రిక పట్టిన చెక్క మీద కళ్ళు మూసుకుని అరచెయ్యి నడిపించి, ఎక్కడో ఆగి, మళ్ళీ చిత్రిక అందుకునేవాడు. ఆయన చేసినవాటిలో విరిగింది ఒక్కటే, పెద్దింట్లమ్మ ఉయ్యాలబల్ల.

పెద్దింట్లమ్మ ఊరి పెద్దరైతు అమ్మిరాజు తల్లి. భారీ మనిషి, అంతకు మించిన నోరు. పొద్దున్నే ఉయ్యాలెక్కి పాలేళ్ళనీ కోడలినీ కొడుకునీ అక్కడినుంచే నడిపేది. ఆ బల్ల ఒకే దుంగలోంచి కోసిన వెడల్పాటి టేకు పలక. ఆషాఢంలో ఒకనాడు అది పొడుగునా చీలి ఆమెను నేలకేసి కొట్టింది. ఎముక విరగలేదు గాని, ఆమె నులకమంచం పట్టింది. ఉయ్యాల పేరెత్తితే మొహం తిప్పుకునేది. ఇంట్లో ఆమె గొంతు వినపడక ఎడ్లు కూడా బెంగపెట్టుకున్నాయని పాలేళ్ళు చెప్పుకునేవారు.

అమ్మిరాజు కాళాచారిని పిలిపించాడు.

"మా అమ్మ మళ్ళీ ఉయ్యాలెక్కాలి. బల్ల నువ్వే చెయ్యి. అది కూడా విరిగిందంటే మాత్రం, ఈ ఊరి మేర జొన్నాడ వడ్రంగికి పోద్ది. తర్వాత నన్ను అనుకోకు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు కాళాచారి.

విరిగిన చెక్కలు రెండూ ఎత్తి చూశాడు. అడుగువైపు మామూలుగా ఉంది. పైవైపు పసుపు పట్టి, దోసిలిలా గుంటపడి ఉంది. చీలిక పైనుంచే మొదలయింది. అమ్మిరాజు భార్య రామలక్ష్మి అటుగా వస్తే అడిగాడు.

"దీన్ని కడిగేవారాండీ, అమ్మా?"

"కడగకేం? శుక్రవారం శుక్రవారం గడపతో పాటు దీనికీ పసుపు నీళ్ళే. అత్తగారి మాట."

"పైనేనాండీ?"

"అడుగున ఎవరు చూడొచ్చేరు?"

కాళాచారికి సంగతి తెలిసిపోయింది. వారం వారం ఒక ముఖమే తడిసి ఉబ్బడం, ఎండి ముడుచుకోవడం. ఏ టేకైనా ఎన్నాళ్ళు ఓరుస్తుంది? ఆ మాటే చెప్పబోయాడు. ఈలోగా లోపల్నించి పెద్దింట్లమ్మ గొంతు లేచింది.

"ఏంటంటాడే? కడగొద్దంటాడా? నాలుగు చెంబుల పసుపు నీళ్ళకి పగిలేది కూడా ఓ చెక్కేనా?"

కాళాచారి చెక్కలు కింద పెట్టేశాడు. ఆ ఇంటి శుక్రవారం మారదు. మారాల్సింది బల్లే.

వెడల్పు పలక దొరికే దారీ లేదు. కొండల్నించి తెప్పలుగా దిగే పెద్ద దుంగలన్నీ ఆనకట్ట పనులకే పోతున్నాయి. కొట్టంలో సన్నటి టేకు బద్దలు, పనస ముక్కలు మాత్రం ఉన్నాయి. పక్కపక్కన అతికితే వెడల్పు వస్తుంది, పసుపు నీళ్ళకి వంకర కూడా వస్తుంది. ఆలోచిస్తూ ఏటిగట్టుకి పోయాడు. అక్కడ పడవలు కట్టే బంగారరాజు తన పడవలో చేపల గూటి మూత మీద కూర్చుని ఉన్నాడు.

"ఈ మూత ఎప్పుడూ వంగలేదేం, బంగారరాజూ? రోజూ ఉప్పునీళ్ళేగా."

"పలకల మీద పలకలు అడ్డంగా పరిచి చీలలు కొట్టేను బావా. ఒకటి సాగుతానంటే రెండోది పట్టుకుంటది. మొగుడూ పెళ్ళాల్లా."

"రెండే వరసలయితే ఎటో ఒకపక్క లాగదా?"

"లాగుద్ది. అందుకే పైన నేను కూచుంటా." నవ్వాడు బంగారరాజు.

కాళాచారి మూడో వరస వేశాడు. పైనా కిందా టేకు బద్దలు నిలువుగా, మధ్యలో పనస బద్దలు అడ్డంగా. చెక్క సాగేది అడ్డకొలతలోనే, నిలువునా కాదు. అందుకని ఏ వరస కదలబోయినా పక్క వరస దాన్ని పట్టి ఆపుతుంది. పైదీ కిందదీ ఒకలాంటివే కాబట్టి ఏ పక్కకీ మొగ్గదు. విరిగిన పాల ముద్దలో సున్నం నూరి, ఆ జిగురు వరసల మధ్య పూసి, వెదురు చీలలు దిగగొట్టి, మీద తిరగలి రాళ్ళు పెట్టాడు. ఆరాక గూడా అప్పగించలేదు. తన పెరట్లోనే శుక్రవారం వచ్చినప్పుడల్లా పైముఖం మీద పసుపు నీళ్ళు పోసి ఎండబెట్టాడు.

భార్య అచ్చమ్మ చూసి చూసి అంది. "మనకి ఉయ్యాల లేదు గానీ, ఉయ్యాల నోము మాత్రం వచ్చింది."

ఆయన నవ్వలేదు. బల్ల మీద తిన్నటి బద్ద నిలబెట్టి, కింద సందులోంచి వెలుగు కనిపిస్తుందేమోనని వంగి చూస్తున్నాడు. వర్షాలు వెనకబట్టేదాకా చూశాడు. వెలుగు కనపడలేదు. అప్పుడు బండి కట్టించాడు.

గొలుసులకి బల్ల బిగిస్తుంటే పెద్దింట్లమ్మ మంచం మీద నుంచే అంచు చూసింది. పొరలు మూడూ విడివిడిగా కనిపిస్తున్నాయి.

"ఇదేంటయ్యా, పూతరేకులా ఉంది? అతుకుల బల్ల నా ఇంట్లోనా?"

కాళాచారి చెయ్యి గొలుసు మీదే ఆగిపోయింది. రామలక్ష్మి కొంగుతో మూతి అద్దుకుంటూ అంది.

"మనమందరం అతుకులమేగా అత్తయ్యా ఈ ఇంటికి. మీరు మురమళ్ళ నుంచి, నేను కొత్తపేట నుంచి."

పెద్దింట్లమ్మ కోడలి వంక గుర్రుగా చూసింది. తర్వాత చెయ్యి చాపింది. "పట్టుకో. పడ్డానంటే ముందు నీ మీదే పడతా."

రెండు చేతులా గొలుసులు బిగబట్టుకుని కూర్చుంది. బల్ల కిర్రుమనలేదు. కాలి వేలితో నేలని తోసింది. ఇంకోసారి తోసింది. గొలుసు మీద పట్టు మెల్లిగా సడలింది.

"ఒరే పాలేరూ, ఆ గేదెకి కుడితి పెట్టేవా లేదా?"

పెరట్లో ఎవరో నవ్వారు. అమ్మిరాజు తలపాగా సర్దుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

కోతలయ్యాక కాళాచారి తన మేర కొలిపించుకోడానికి తట్టతో అమ్మిరాజు ఇంటికి వచ్చాడు. ఆ రోజు శుక్రవారం. బల్ల మీద పసుపు ఇంకా తడిగానే ఉంది, దాని మీదే ఓ మూల చాప పరుచుకుని పెద్దింట్లమ్మ కునుకుతోంది. ఆయనకి మనసాగలేదు. చప్పుడు లేకుండా వంగి, ఉయ్యాల కిందికి దూరి, అడుగున అరచెయ్యి నడిపించాడు. ఈ చివర నుంచి ఆ చివరకి. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"కింద ఎవడ్రా?" అంది పైనుంచి పెద్దింట్లమ్మ.

"నేనేనండి, కాళాచారిని."

"ఏం పారేసుకున్నావు?"

"ఏం లేదండి," అన్నాడు కాళాచారి. "అంతా ఉందండి."

బయటికొచ్చి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, తట్ట భుజానికెత్తుకుని కళ్ళంవైపు నడిచాడు.