చంద్రపూర్‌లో పుట్టిన సముద్రపు చేపలు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఏదైనా చేయగలననే ధీమా ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. మహారాష్ట్రలో ఎండలకు పేరుమోసిన చంద్రపూర్‌లో, ఏ దిక్కుకు పోయినా రాత్రంతా రైల్లో కూర్చుంటే తప్ప సముద్రం కనిపించని చోట, బాబుపేట్‌లోని మా మేడమీది గదిలో సముద్రపు చేపల చేత పిల్లలు పెట్టిస్తానని బయలుదేరిన మనిషిని నేను. అప్పుడే ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా తాత్కాలిక ఉద్యోగం దొరికింది. మైక్రోస్కోపులు తుడిచి పెట్టడమే నా పని, వాటిలోకి చూడటం కాదు (చూసేదాన్ని, అది వేరే సంగతి). పక్క రాష్ట్రం రెండుగా విడిపోతున్న రోజులవి. మా చుట్టాల్లో సగం మంది సరిహద్దుకు అటు, సగం మంది ఇటు. ఇంట్లో నలుగురు కూర్చుంటే నదీ జలాల పంపకం గురించే మాట. నేను మాత్రం మేడమీద బకెట్టు నీళ్లలో ఉప్పు కలుపుతూ ఉండేదాన్ని.

నాగ్‌పూర్ నుంచి తెచ్చుకున్న చేపలు రెండే. నారింజ రంగు ఒంటిమీద తెల్లటి పట్టీలుండే క్లౌన్ చేపలు. మా ఎండలకు తొట్టిలో నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మాత్రం మిగిలిపోయేది. దాంతో రోజూ కొలిచి మంచినీళ్లు పోయాలి, కూలర్ పెట్టాలి, కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాలు దించాలి. స్టీలు సామాన్ల దుకాణం మూసి భోజనానికి వచ్చిన బాపు (నాన్నను అలాగే పిలిచేదాన్ని) మెట్ల మీద నిలబడి, "గిదేం కత బిడ్డా? నిన్న ఉప్పేస్తివి, ఇయ్యాల మంచినీళ్లు పోస్తున్నవ్. కూర వండుతున్నవా ఏంది?" అనేవాడు. అమ్మకు మాత్రం ఆ చేపలు ఒక విషయంలో తెగ నచ్చేశాయి. వాటిలో ఆడది పెద్దది, పెత్తనం దానిదే. మగది పూలకుండీ పెంకుకు అంటించిన గుడ్ల ముందు నిలబడి పగలంతా రెక్కలతో విసురుతూ ఉండేది. "సూడున్రి, గా చేప మొగుడు ఎట్ల పనిజేస్తుండో" అని అమ్మ బాపును చేయిపట్టి మేడమీదికి తెచ్చి మరీ చూపించింది. బాపు కాసేపు చూసి, "గందుకే అది చేపయింది" అని కిందికి దిగిపోయాడు.

మొదటి రెండుసార్లు తల్లిదండ్రులే గుడ్లు తినేశాయి. మూడోసారి గుడ్లలో వెండి చుక్కల్లాంటి కళ్లు కనిపించాయి. ఇవి చీకట్లోనే పగులుతాయని చదివాను కాబట్టి ఎనిమిదో రోజు పొద్దుగూకక ముందే కిటికీలకు దుప్పట్లు కట్టేశాను. కాసేపటికి టార్చి వేసి చూస్తే నీళ్ల నిండా తెగిన కనురెప్ప వెంట్రుకల్లాంటి ప్రాణులు, దాదాపు రెండు వందలు! అయితే ఆ పిల్లల నోట్లో పట్టాలంటే కంటికి ఆనని బతికున్న పురుగే కావాలి. ఆ పురుగుకు మళ్లీ పచ్చటి పాచినీళ్లు కావాలి. పురుగులను బాపు దుకాణం నుంచి తెచ్చిన స్టీలు గంగాళంలో పెంచుతున్నాను (ఆ గంగాళం ఎటు పోయిందని బాపు వారం నుంచి వెతుకుతున్నాడు). పాచినీళ్ల సీసాలు డాబామీద ఎండకు మాడి తెల్లబోయాయి. ముందుచూపుతో ఫ్రిజ్‌లో దాచిన సీసా ఒక్కటే మిగిలింది.

పిల్లలు పుట్టిన మూడో రోజు మధ్యాహ్నం, సరిహద్దు పక్కనే ఉన్న విరూర్ నుంచి మా మేనమామ దిగాడు. ఆయన్ని అందరూ మ్యాపు మామ అనేవాళ్లం. చొక్కా జేబులో మడిచిన మ్యాపు ఒకటి ఎప్పుడూ ఉండేది. "మా నాయిన పుట్టినప్పుడు మాది ఆదిలాబాద్ జిల్లా. నేను పుట్టేసరికి మహారాష్ట్ర. ఊరు కదల్లే బావా, రాష్ట్రాలే కదిలినయి" అంటూ ఆయన మ్యాపు పరిచాడంటే టీ చల్లారినట్టే. ఆ రోజు రైలు దిగి ఎండలో నడిచొచ్చి, నేరుగా వంటింట్లోకి పోయి ఫ్రిజ్ తెరిచాడు. నేను మెట్లు దిగేసరికి సీసా ఖాళీ. మామ మూతి తుడుచుకుంటున్నాడు.

"చెల్లే, పన్హేల ఉప్పెక్కువైంది. బెల్లం మరిశినట్టున్నవ్" అన్నాడు.

అమ్మ చేసిన పన్హే, అంటే మామిడికాయ పానకం, పక్క సీసాలో అలాగే ఉంది. నా కేక విని మామ ముఖం పాలిపోయింది. "కోడలా, ఏందది? నేను బతుకుతనా?"

"నీకేం గాదు మామా. పిల్లలే బతకరు."

"ఎవరి పిల్లలు?"

చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. రెండు వందల ప్రాణుల తిండి తాగేశానని తెలిసి అంత పెద్దమనిషి కుర్చీలో కూలబడ్డాడు. పాచి లేకపోతే రొట్టెల్లో కలిపే ఈస్టుతో పురుగులను కొన్నాళ్లు నెట్టుకురావచ్చని ఎక్కడో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. నా మాట పూర్తి కాకముందే మామ బాపు స్కూటర్ తీసుకుని బేకరీకి పోయాడు. అరగంటలో ఆరు బ్రెడ్లు పట్టుకొచ్చాడు. "ఈస్టు గిండ్లనే ఉంటదట కోడలా, బేకరాయన చెప్పిండు!" నవ్వాలో ఏడవాలో తెలియక నేనే స్కూటర్ వెనక ఎక్కాను. ఈసారి బేకరీ ఆయన మరాఠీలో ఏదో అని నవ్వుతూ కాగితంలో పిడికెడు ఈస్టు కట్టి ఇచ్చాడు.

మామ ఆ సాయంత్రం రైలుకు పోలేదు. పది రోజులు ఉండిపోయాడు. కరెంటు పోయినప్పుడల్లా తొట్టి ముందు కూర్చుని మ్యాపుతో విసిరేవాడు. పొద్దున లేవగానే చనిపోయినవాటిని నేను గొట్టంతో తీస్తుంటే ఆయన కళ్లు మూసుకునేవాడు. రెండు వందలు అరవై అయ్యాయి. అరవై ఇరవై. చివరికి తొమ్మిది నిలిచాయి. పదో రోజు పొద్దున వాటిలో ఒకదాని తల వెనక సన్నటి తెల్ల పట్టీ (అది పడితే ఇక బతికినట్టే) కనిపించగానే మామ మెట్ల మీద నుంచే అరిచాడు. "బావా, బొట్టువడ్డది! మనోళ్లే!" బాపు దుకాణానికి పోకుండా పైకొచ్చి, అరచేయి తొట్టి అద్దానికి ఆనించి నిలబడ్డాడు. గంగాళం కూడా అక్కడే ఉంది. దాన్ని చూసి, ఉన్నచోటే వదిలేసి దుకాణానికి దిగిపోయాడు.

మూడు నెలలయ్యాక తొమ్మిదింటినీ థర్మాకోల్ పెట్టెలో పెట్టుకుని, నాగ్‌పూర్ దుకాణంలో అమ్మి వ్యాపారం మొదలుపెడదామని బస్సెక్కాను. దుకాణం ఆయన ఇవి చంద్రపూర్‌లో పుట్టాయంటే ముందు నమ్మలేదు. నమ్మాక, పెట్టెలోకి చేయి పెట్టబోయాడు. ఏమైందో ఏమో, నేను మూత పెట్టేశాను. "మళ్లీ వస్తాను భయ్యా" అని తొమ్మిదింటితోనూ తిరుగు బస్సు ఎక్కాను. ఒళ్లో పెట్టె చూసి కండక్టర్ ఏముందని అడిగితే, "లేకరం" అన్నాను. మరాఠీలో పిల్లలని అర్థం. ఆయన మూత కొద్దిగా ఎత్తి చూసి, "ఇంత చిన్నవాళ్లకు టికెట్టు లేదు" అని నవ్వుతూ ముందుకు పోయాడు.

వ్యాపారం అక్కడితో ముగిసింది. చేపలు మాత్రం ఏళ్ల తరబడి మా ఇంట్లోనే బతికాయి. ఇప్పుడు నేను ఏ పని మొదలుపెట్టాలన్నా దాని లాభనష్టాలు ముందు రెండుసార్లు ఆలోచిస్తాను. ఆలోచించి, చాలావాటిని వద్దనుకుంటాను కూడా. తెలివి వచ్చిందనే అంటారు అందరూ. కానీ అప్పుడప్పుడు ఆ బస్సు కిటికీ పక్కన, ఉప్పునీళ్లు చీరమీద కారుతున్నా పెట్టెను కదలనివ్వకుండా ఒడిసిపట్టుకుని, ప్రపంచాన్ని జయించినట్టు కూర్చున్న పిచ్చిపిల్ల కళ్లముందు మెదులుతుంది. పక్క సీటు ఖాళీగా ఉంటే బాగుండు, పోయి కూర్చుందును.