చెరిపిన లాగ్ ఫైళ్ళు

ఇంట్లో ఆమెను గువ్వ అంటారు. నోట్లో నాలుక లేని పిల్ల. చదువు మధ్యలో ఆగిపోతే బాబాయే తాను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో చేర్పించి, పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని కంప్యూటర్ పని నేర్పాడు.

"ఇక్కడ చీమ కదిలినా లాగ్ ఫైలుకెక్కుతుందే. అది నిండగానే దాని నకలు పక్కన చేరుతుంది. రేపు ఏదైనా పాడైతే ఆదివారం బ్యాకప్ పెట్టి, ఆపైన ఈ నకళ్ళు వరసగా ఎక్కించుకోవాలి. మధ్యలో ఒకటి పోయిందా, దాని తర్వాతవన్నీ దండగ. బయటి డిస్కులోకి ఎక్కించకుండా ఒక్కటీ చెరపకు."

ఆ మాటను గువ్వ కొంగున ముడేసుకుంది. బాబాయి ఆమె పాస్‌వర్డ్ అడిగితే చెప్పేసింది. సొంత మనిషి దగ్గర దాపరికమేమిటి?

మంగళవారం ఆమె భోజనం చేసి వచ్చేసరికి నకళ్ళ ఫోల్డరు ఖాళీ.

"చోటు లేక మొత్తం బిగుసుకుపోయింది. బయట జనం ఒకటే గోల. నీ పాస్‌వర్డ్‌తో వెళ్ళి చెరిపేశా," అన్నాడు బాబాయి.

"అవింకా డిస్కులోకి ఎక్కించలేదు బాబాయ్."

"కొత్త బ్యాకప్ తీస్తే పాతవాటితో పనేముంది? నేను తీస్తాలే, నువ్వెళ్ళి రిపోర్టులు చూడు."

ఆయన తీయలేదు. గురువారం సర్వర్ కుప్పకూలింది. ఆదివారం బ్యాకప్ ఎక్కింది గానీ ఆపైన ఎక్కించడానికి సోమవారం ఫైళ్ళు లేవు. బుధవారానివి భద్రంగా ఉన్నా అక్కరకు రాలేదు. సోమవారం నుంచి వచ్చిన ఫలితాలన్నీ పోయాయి.

చెరిపింది గువ్వ పాస్‌వర్డ్‌తోనని తేలింది. మేనేజరు గదిలో ఆమె బాబాయి వైపే చూసింది. ఆయన నోరు విప్పితే చాలనుకుంది. విప్పాడు.

"చిన్నపిల్ల సార్. తెలీక చెరిపేసింది. నా మొహం చూసి ఈసారికి వదిలేయండి."

వదిలేశారు. కంప్యూటర్ గదిలోంచి తీసి ఫోను దగ్గర కూర్చోబెట్టారు. వరండాలో బాబాయి గొంతు తగ్గించి, "నిన్నైతే ఎవరూ ఏమీ అనర్లే. నా వయసులో మళ్ళీ ఉద్యోగం ఎవడిస్తాడే?" అన్నాడు. ఆమెను కాపాడినవాడిలా భుజం తట్టాడు కూడా.

మధ్యాహ్నమంతా ఆమె ఫోన్లు చేస్తూ కూర్చుంది.

"మళ్ళీ రక్తమివ్వాలా?" అందొక ముసలమ్మ. "మొన్న నరం దొరక్క జల్లెడలా పొడిచారు తల్లీ. నా ఒంట్లో ఏమన్నా చెరువుందా? ఇంతకీ ఎవరి తప్పమ్మా ఇది?"

ఎదుటి బల్ల దగ్గర బాబాయి టీ తాగుతున్నాడు. గువ్వ రిసీవరు ఆయన వైపు చాచింది.

"నువ్వు చెప్పు బాబాయ్."

ఆయన రిసీవరు వంక చూశాడు. కప్పు పట్టుకుని కంప్యూటర్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నానండీ." గువ్వ గొంతు తగ్గించలేదు. "చెరిపింది మా బాబాయి. రేపు పరగడుపున రండి."