బాంబుల ఆటలో మా ఆవిడ పేరు

గన్నవరం దగ్గర కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే మా మేనకోడలు మొన్న ఆదివారం పటమటలో మా ఇంటికొచ్చి, తన ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది. పాత కంప్యూటర్లలో ఉండే ఆటల్ని ఇంటర్నెట్ పేజీలోనే ఆడుకునేట్టు మళ్ళీ తయారుచేయడం దానికి సరదా. బూడిదరంగు గళ్ళు, పైన ఎర్ర అంకెలు, మధ్యన పసుపుపచ్చ నవ్వుమొహం. "ఏం మావయ్యా, అచ్చం అలాగే ఉందా లేదా?" అంది. ఉంది. అందుకే నాకు ఒళ్ళు మండింది.

నా ఈడువాళ్ళకు ఆ బాంబుల ఆట గుర్తుండే ఉంటుంది. గళ్ళకింద దాగిన బాంబుల మీద చెయ్యి పడకుండా తక్కిన గళ్ళన్నీ తెరవాలి. ఇదివరకటికన్నా తక్కువ సెకన్లలో ముగిస్తే పేరు అడిగి జాబితాలో రాసుకుంటుంది. ఏ కాలేజీ మెట్లూ ఎక్కకుండా, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కంప్యూటర్ నేర్చుకున్న నేను, ఆ రోజుల్లో పటమటలోనే ఒక గది తీసుకుని పెళ్ళికార్డుల డీటీపీ షాపు పెట్టాను. బోర్డు మీద పేరు నాది, పని మా ఆవిడది. పొద్దుటినుంచీ చిరంజీవులనూ సౌభాగ్యవతులనూ టైపుచేసి, వన్ టౌన్ ప్రెస్సాయన ప్రూఫుల కోసం వచ్చేలోపు ఆ ఆట తెరిచేది. ఆయన గుమ్మంలోంచే, "ఏం చెల్లెమ్మా, ఇవాళ ఎన్ని బాంబులు పేల్చావేంటి?" అనేవాడు. ఆవిడ తల తిప్పకుండా, "మీ ప్రెస్సులో పడే తప్పులకన్నా తక్కువేలెండి అన్నయ్యగారూ" అనేది.

ఒక మధ్యాహ్నం అన్నిటికన్నా పెద్ద ఆట గెలిచింది. పేరు అడిగితే, పెళ్ళికూతురి పేరు కొట్టినంత జాగ్రత్తగా తన పేరు కొట్టుకుని, చాలాసేపు చూస్తూ కూర్చుంది. అంతమంది పేర్లు అచ్చుకెక్కించిన మనిషి పేరు అంతవరకూ ఎక్కడా ఎక్కలేదని నాకప్పుడు తోచలేదు.

ఆ ఏడు దసరాకి, ఆయుధపూజ ముందురోజు, ఎప్పటిలా మానిటరు తుడిచి బొట్టు పెట్టి ఊరుకుంటే సరిపోయేది. నా సొంత పాండిత్యం ముదిరి, పైన తుడిస్తే చాలా, లోపల కూడా శుభ్రం చెయ్యొద్దా అనుకుని, కార్డుల ఫైళ్ళు మాత్రం ఫ్లాపీల్లోకి తీసుకుని, తక్కినదంతా చెరిపేసి, అన్నీ కొత్తగా ఎక్కించాను. పూజ అయ్యాక ఆవిడ ఆట తెరిచి చూసింది. జాబితా ఖాళీ. "పోనీలెండి, ఆటేగా" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. ఆడమని నేను అడగనూ లేదు, ఏం మనిషినో.

ఆవిడ పోయి మూడేళ్ళు. మొన్న నేనే గెలిచి ఆ పేరు రాద్దామని ల్యాప్‌టాప్ లాక్కున్నాను. ఎన్నిసార్లు ఆడినా నాలుగు గళ్ళు దాటలేదు. సంగతంతా చెబితే మేనకోడలు కళ్ళు తుడుచుకుని, "ఎందుకు మావయ్యా ఈ తంటా? అత్తయ్య పేరు నేను ప్రోగ్రాంలోనే రాసి పెట్టేస్తాగా. ఎన్ని సెకన్లో చెప్పు" అంది.

పటమటలో ఏ కొట్టు ఎప్పుడు మూతపడిందో, ఏ కార్డులో ఏ వియ్యంకుడి ఇంటిపేరు తప్పు పడిందో ఈనాటికీ చెప్పగలను. ఆ అంకె మాత్రం రాలేదు. ఆవిడ చూస్తూ కూర్చున్న అంతసేపూ నేను పక్కనే ఉన్నాను, తెరవంక తొంగిచూడలేదు.

ఇప్పుడు పోయినవన్నీ రంగుతో సహా తిరిగి తెస్తున్నారు, తెచ్చి ఏం కావాలో చెప్పమంటున్నారు. చెప్పవలసిన మనిషిని నేనే అయ్యాను, నాకేమో తెలియదు.