దించే మనిషి

తిరుపాల్‌కు డ్రోన్ దించడం వచ్చు. లేపడం, నడపడం రావు. అవి అతని భార్య హులిగమ్మకు వచ్చు.

వాళ్లది గోనెగండ్ల దగ్గరి పల్లె. పత్తి చేలకు మందు కొట్టే డ్రోన్ ఊరి పొదుపు సంఘానికి వచ్చినప్పుడు, నడిపే మనిషి పదో తరగతి పాసై ఉండాలన్నారు. హులిగమ్మ పాసయింది. తిరుపాల్ ఎనిమిదిలోనే బడి మాని వీపుకు మందు పంపు తగిలించుకున్నవాడు. శిక్షణకు ఇంటి మనిషిని వెంట తెచ్చుకోవచ్చన్నారు. అలా వెళ్లాడు.

కర్నూలు అవతల శిక్షణ. ఏ డ్రోన్ పద్ధతి దానిదట. వీళ్లకు ఇచ్చిన దాని మీదే నేర్పారు. ఆడవాళ్లు గాలి గురించి, ఎత్తు గురించి, బ్యాటరీ గురించి నేర్చుకున్నారు. వెంట వచ్చిన మొగుళ్లు నీడన కూర్చుని బీడీలు కాల్చారు. ఆఖరి రోజు వాళ్లనూ పిలిచి ఒక్క సంగతి చెప్పారు. నడిపే మనిషి ఎండకు కళ్లు తిరిగి పడిపోతే రిమోట్ అందుకుని ఈ బటన్ నొక్కాలి. డ్రోన్ లేచిన చోటికే వచ్చి దిగుతుంది.

తిరుపాల్ నొక్కాడు. ఆకాశంలో ఉన్నది దిగి వచ్చింది. అతను చెప్పగానే ఏదైనా రావడం అతని బతుకులో అదే మొదలు.

ఊళ్లో మాత్రం అతనివి మందు కలిపే పని, బ్యాటరీలు మోసే పని. రైతులు గట్టు మీద నిలబడి హులిగమ్మ వేళ్లనే చూసేవారు. మళ్లీ ఆ బటన్ నొక్కాలంటే అతనికి దారి ఒక్కటే. రోజూ పొద్దున్నే భార్య ఆరోగ్యం అడగసాగాడు.

"ఏమే, తల తిరుగుతాందా?"

"లేదు."

"కండ్లు గిన మసకగా ఉండాయా?"

"రాయి మాదిరి ఉండాను. పోయి మందు కలుపు పో."

పక్కింటి ఎస్తేరు ఇది విని మురిసిపోయేది. "సూడు హులిగమ్మా, నీ మొగుడు ఎంత బాగ సూసుకుంటాండాడో! మా ఇంటాయన నేను సచ్చినా సంగటి యాడుందని అడుగుతాడు."

హులిగమ్మ నవ్వేది. ఆ ప్రేమ ఎక్కడిదో ఆమెకు తెలుసు.

ఒక మధ్యాహ్నం కాశప్ప చేనులో డ్రోన్ తనకు గీసిన దారిలో సాళ్ల మీద పోతోంది. హులిగమ్మ రిమోట్ పక్కన పెట్టి గట్టు మీద కూలబడింది.

"యో, కండ్లు తిరుగుతాండాయి."

తిరుపాల్ రిమోట్ వైపు చూడలేదు. ఆమె తల ఒడిలోకి తీసుకున్నాడు. టవలు తడిపి ముఖం తుడిచాడు. "కాశప్పన్నా, బండి తే!" అని అరిచాడు. గట్టు చివరనున్న కాశప్ప రోడ్డు వైపు పరిగెత్తాడు.

హులిగమ్మ ఒక కన్ను తెరిచింది. "యో, బటన్."

"బటనూ వద్దు గిటనూ వద్దు. నీళ్లు తాగు."

"నాకేం కాలేదు. నువ్వు దించుతావని కూసుంటి."

"ముందే సెప్పకూడదా?"

"సెప్పి పడిపోతారా యాడన్నా?"

ఈలోగా డ్రోన్ ట్యాంకులో మందు అయిపోయింది. అయిపోతే అది తనంతట తానే వచ్చి దిగుతుంది. మొగుళ్లకు ఆ సంగతి నేర్పలేదు. తిరుపాల్ చూస్తుండగానే అది వచ్చి, దుమ్ము రేపి, మెల్లగా దిగి ఊరుకుంది.

కాశప్ప బండి ఆపి దాన్ని చూశాడు. "దీన్ని ఎవురు దించిరి?"

హులిగమ్మ జుట్టు ముడి వేసుకుంది. "ఈడ ఉండేది ఆయనొక్కడే గదన్నా."

కాశప్ప తిరుపాల్ వైపు తిరిగాడు. "ఏం మనిషివప్పా! పెండ్లాం పడిపోతే మిషన్ సూసుకుంటివా?"

తిరుపాల్ చేతిలో తడి టవలు ఇంకా కారుతోంది. ఒక్క మాట చెబితే ఆ నింద పోతుంది, డ్రోన్ దించాడన్న పేరూ పోతుంది. అతను హులిగమ్మను చూశాడు. డ్రోన్‌ను చూశాడు.

"సంఘం సొమ్ము గదన్నా," అన్నాడు. "ముందు దాన్ని దించల్ల."