వేదిక మీద దస్తర్‌ఖాన్

ఫలక్‌నుమాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల బళ్లో నేను టీచర్ని. పోయినేడాది మాలాంటి టీచర్ల సదస్సుకు వెళ్లాను. వేదిక మీద ఒక నిపుణురాలు మా బళ్లో తీసిన వీడియో వేసింది. అందులో నా స్టూడెంట్ రుక్సానా ఉంది. టేబుల్ మీద అన్నం పెట్టి, చేతికి స్పూన్ ఇచ్చారు. పిల్ల స్పూన్ పక్కన పెట్టేసి, కంచం తీసుకుని నేల మీద కూర్చుంది. హాలంతా నవ్వింది.

"ఈ అమ్మాయికి సొంతంగా తినడం రాదు. ఈ పరీక్షలో సున్నా మార్కులు," అందావిడ.

నాకు ఒళ్లు మండింది. లేచాను. పక్కనున్న మా ప్రిన్సిపాల్ చెయ్యి పట్టి లాగింది. "కూసో, లొల్లి చెయ్యకు!"

నేను వినలేదు. వేదికెక్కి, నా దుపట్టా నేల మీద పరిచి కూర్చున్నాను.

"గా పిల్ల ఇంట్ల అందరూ గిట్లనే దస్తర్‌ఖాన్ గుడ్డ పరుసుకొని, కింద కూసొని చేత్తోటి తింటరు మేడమ్. ఆమెకు తినుడు మంచిగనే వస్తది. మీకే పెట్టుడు రాదు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. సాయంత్రం వచ్చినవాళ్లందరికీ ఇచ్చిన సర్టిఫికెట్ కూడా నాకు ఇవ్వలేదు.

మర్నాడు బళ్లో రుక్సానా దస్తర్‌ఖాన్ పరిచి, "టీచర్, ఆవో" అని పిలిచింది. ఇద్దరం కింద కూర్చుని చేత్తోనే తిన్నాం. ఆ పరీక్ష లెక్కన ఇద్దరం ఫెయిలే. అయితే ఏంటట?