దుర్దానె పెద్దమ్మ కూరగాయలు

తివాచీ మీది బొమ్మకు అర్థం ఉందని ఎవరైనా అంటే దుర్దానె పెద్దమ్మకు ఒళ్లు మండేది. మా ఊరి మగ్గాల గదిలో నలభై ఏళ్లు నేసిన మనిషి. ఆమె లెక్కలో తివాచీ మీద ఉండేవి రెండే: ఉన్ని, కూరగాయలు. పొట్టేలు కొమ్ములు చూపిస్తే కాకరకాయలనేది. పక్షిని చూపిస్తే తొడిమ ఊడిన గుమ్మడికాయ అనేది.

కోన్యా పట్నం నుంచి తివాచీలు కొనడానికి వచ్చే ఫిక్రెత్ ఆమెకు సరైన మేత. అతను జీవితంలో ఒక్క ముడి వేసి ఎరగడు గాని, అర్థాలు మాత్రం ధారాళంగా చెబుతాడు.

"నడుం మీద చేతులు పెట్టుకున్న ఈ స్త్రీ మాతృత్వానికి గుర్తు," అన్నాడు ఒకసారి.

"ఎంతమందిని కన్నావు నాయనా?" అంది పెద్దమ్మ, మగ్గం మీంచి తల తిప్పకుండా. "నేను నలుగుర్ని కన్నాను. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే తీరిక ఒక్కరోజూ దొరకలేదు. అది పక్కింటిదానితో తగువుకు వచ్చింది."

"పొట్టేలు కొమ్ము మగతనానికి..."

"ఈ ఊళ్లో మగతనం నేయాలంటే కొమ్ములెందుకు? టీ కొట్టు ముందు నాలుగు కుర్చీలు నేస్తే చాలు."

మేం పడుగు దారాల వెనక ముఖాలు దాచుకుని నవ్వేవాళ్లం. ఫిక్రెత్ దులుపుకుని మరుసటి నెల కొత్త అర్థాలతో వచ్చేవాడు. అతనికి సిగ్గు లేదు, ఈమెకు జాలి లేదు.

ఆ శరదృతువులో అతను నజిరె మగ్గం ముందు ఆగాడు. నజిరె కొత్త కోడలు. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో తొమ్మిది "సరే అత్తయ్యా". అత్తగారు సఫినాజ్ పక్కనే కూర్చుని ఉన్ని వడుకుతోంది.

"ఆహా, తేళ్లు," అన్నాడు ఫిక్రెత్, అంచును వేలితో రాస్తూ. "శత్రువుతో ఒకే కప్పు కింద బతికే స్త్రీ వీటిని నేస్తుంది. రక్షణ కోసం."

సఫినాజ్ చేతిలో కదురు ఆగిపోయింది.

"మా కప్పు కింద ఉండేది ముగ్గురం," అంది నెమ్మదిగా. "నా కొడుకు, ఇది, నేను. కొడుకంటే దీనికి ప్రాణం. ఇంక శత్రువెవరే?"

నజిరె ముఖం సున్నం కొట్టినట్టయింది.

"సాయంత్రం వాడు రానీ. మూట కట్టించి నీ పుట్టింటికి పంపిస్తా. తేళ్లు అక్కడ నేసుకో."

చెప్పిన పని చేసే మనిషే. మొదటి కోడల్ని అంతకు తక్కువ తప్పుకే పంపేసింది. ఫిక్రెత్ గోడకున్న తివాచీలను శ్రద్ధగా చూడసాగాడు. పెద్దమ్మ లేచింది. వచ్చి, నజిరె తివాచీ మీదికి వంగి, చెడిపోయిన పెరుగును వాసన చూసినట్టు చూసింది.

"తేలా? దీన్ని తేలన్నదెవడు?"

ఫిక్రెత్ గొంతు సవరించుకున్నాడు.

"మొలకెత్తిన ఉల్లిగడ్డ ఇది. కాళ్లంటున్నావే, అవి వేళ్లు. తోకంటున్నావే, అది కాడ."

"తివాచీ మీద ఉల్లిగడ్డలెవరు నేస్తారక్కా?" అంది సఫినాజ్.

"నీ కోడలు నేస్తుంది. గంటకోసారి మగ్గం మీంచి లేపి ఉల్లిగడ్డలు తరిగిస్తావు. పిల్ల కళ్ల ముందు ఇంకేం ఉంటాయి? పైగా ముడులు లెక్కపెట్టడం కూడా రాదు దీనికి. ఇటు నాలుగు వేళ్లు, అటు అయిదు. ఈ మొహానికి శత్రుత్వం కూడానా? దానికి తెలివి ఉండాలి."

నజిరె వెక్కివెక్కి ఏడ్చింది. సఫినాజ్ ముఖం మాత్రం విచ్చుకుంది. కోడలు పగబట్టలేదు, ఉత్త తెలివితక్కువది.

"పని రాకపోతే నేర్చుకుంటుందిలే," అని కదురు అందుకుంది. "లేవే, కళ్లు తుడుచుకో."

సఫినాజ్ టీ పెట్టడానికి వెళ్లాక పెద్దమ్మ నజిరె పక్కన కూలబడింది.

"తోక అంత నిటారుగా లేపుతారా ఎవరైనా?" అంది గొంతు తగ్గించి. "కాస్త పక్కకు వాల్చు. దాన్ని ఉల్లిగడ్డ అనడానికి నా నోరెంత కష్టపడిందో తెలుసా?"

నజిరె ఏడుపు సగంలో ఆగిపోయింది. నా చేయి కూడా ఆగిపోయింది. పెళ్లి మీద మనసైన పిల్ల చెవికమ్మలు నేస్తుందని మాలో అంటారు. పంతొమ్మిదేళ్లప్పుడు నేను నేసిన కమ్మల్ని మా నాన్న అనుమానంగా చూస్తుంటే, "చిక్కుడు గింజలు, అవీ పుచ్చువి," అని తీసిపారేసింది ఈ మనిషే.

వసంతం వచ్చాక పెద్దమ్మ ఇంట్లో తివాచీలు ఎండకు వేయడానికి సాయం వెళ్లాను. అడుగున ఆమె పెళ్లయిన ఏడాది నేసిన తివాచీ ఉంది. అంచు చుట్టూ తేళ్లు, తోకలన్నీ పద్ధతిగా పక్కకు వాల్చి.

"మీ అత్తగారు చూడలేదా?"

"ఎందుకు చూడదు? తులిప్ పూలంది. ముప్పయ్యేళ్లు వాటి మీదే కూర్చుని టీ తాగింది. వచ్చినవాళ్లందరికీ చూపించి, నా కోడలు నా కోసం పూలు నేసిందని మురిసిపోయేది."

"అయితే వీటికి అర్థం ఉన్నట్టే కదా పెద్దమ్మా?"

ఆమె కర్ర నా చేతిలో పెట్టింది.

"ఉన్ని," అంది. "దులుపు."